పాడు మెసేజీలు

ఆ పని నాకు అప్పజెప్పినప్పుడు దాన్ని ఒక పనిగా కూడా లెక్కపెట్టలేదు. కూలి పనులకు వచ్చినవాళ్ళుండే ఒక ప్రైవేటు డార్మిటరీలో సర్వర్ డిస్కు మాటిమాటికీ నిండిపోతోంది, వెళ్ళి రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి రావాలి. అంతే. "గంట పనమ్మా, అయిపోగానే అటునుంచటే ఇంటికెళ్ళిపో" అన్నాడు మా బాసు. ఆయనది గుంటూరు. ఈ దేశం వచ్చి, టోవా పాయో అనే పేటలో రెండు గదుల ఆఫీసు పెట్టుకుని, సొంతంగా కంప్యూటరు మనుషుల్ని పెట్టుకోలేని చిన్న కంపెనీల సర్వర్లు చూసుకుంటాడు. మాది కడప. నా మాట విని ఆయన నవ్వేవాడు, ఆయన మాట విని నేను నవ్వేదాన్ని. ఆ రోజు వరకు మా మధ్య అంతకు మించిన తేడా ఉందనుకోలేదు.

డార్మిటరీ ఊరికి ఉత్తరాన, యీషున్ పేట దాటాక, ఫ్యాక్టరీల మధ్య ఉంది. గేటు లోపల రేకుల షెడ్డు కింద బల్లల మీద భోజనం ప్యాకెట్లు కుప్పగా పోసి ఉన్నాయి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నవాళ్ళవట. పక్కనుంచి నడుస్తుంటే ముక్కుకి తగిలింది కూర వాసన కాదు, పులిసిన వాసన. నిన్నటి గిన్నె మూత తీస్తే వచ్చేదే. ఎండ వల్లనేమోలే అనుకుంటూ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆఫీసులోకి వెళ్ళాను.

లోపల ఏసీ, నిమ్మ వాసన. మేనేజరు యాభై ఏళ్ళ స్థానికుడు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. ఎంతో మర్యాదగా కుర్చీ లాగాడు. బల్ల మీది సీసాలోంచి చేతులకు శానిటైజర్ రాసుకుని, నాకూ ఇచ్చాడు.

ఆ సర్వర్ చేసే పని చిన్నది. అక్కడుండేవాళ్ళు ఫోన్లోని యాప్ నుంచి ఫిర్యాదు పంపితే, ఒక ప్రోగ్రాము దాన్ని అందుకుని మేనేజరుకు, వంట కాంట్రాక్టరుకు, ఊళ్ళోని డార్మిటరీ కంపెనీ హెడ్ ఆఫీసుకు పంపుతుంది. ఎంత సైజు మెసేజీని తీసుకోవాలి, పంపలేనిదాన్ని దాచాలా చెరిపేయాలా అన్నవన్నీ విండోస్ రిజిస్ట్రీలో అంకెల రూపంలో ఉంటాయి. అంకె మారిస్తే ప్రోగ్రాము నడవడి మారుతుంది. పంపలేకపోయినవి 'పాడు మెసేజీలు' అనే ఫోల్డర్లో పడతాయి. అక్కడ ఆ ఫోల్డరే ఉబ్బి డిస్కునంతా మింగేసింది. నన్ను పిలిచింది 'దాచు' అన్నదాన్ని 'చెరిపెయ్' అని మార్చడానికి.

మార్చే ముందు అవి ఎందుకు పాడయ్యాయో చూడడం నా అలవాటు. ఒకటి తెరిచాను.

అన్నం. తెల్లటి అన్నం మీద తెల్లటి పురుగులు. ముందు కనబడలేదు, తర్వాత అవి తప్ప ఇంకేమీ కనబడలేదు. ఇంకొకటి తెరిచాను. పప్పు మీద నురగ. ఇంకొకదాంట్లో కోడి ముక్క, ఎముక దగ్గర ఆకుపచ్చగా. ఇంకొకదాంట్లో పారబోసిన కూర పక్కన ఎవరిదో వాంతి. మాటలు చాలావాటికి లేవు. ఉన్నవాటిలో బెంగాలీ, తమిళం, వచ్చీరాని ఇంగ్లీషు. ఒకదాంట్లో తెలుగులో 'సార్ చూడండి' అని మాత్రం ఉంది. నా నోట్లో నీళ్ళూరాయి, కక్కే ముందు ఊరే నీళ్ళు.

అప్పుడు సైజు విలువ చూశాను. మామూలుగా ఆ ప్రోగ్రాము పెద్ద మెసేజీలను కూడా తీసుకుంటుంది. ఇక్కడ ఆ అంకెను ఎంతకు దించారంటే నాలుగు మాటలు పడతాయి, ఫోటో మాత్రం పట్టదు. ఫోటో ఉన్న ప్రతి ఫిర్యాదూ ప్రోగ్రాము గుమ్మంలోనే పాడు మెసేజీ అయిపోతోంది. పంపినవాడికి మాత్రం వెంటనే జవాబు వెళ్తోంది: మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు, తగిన చర్య తీసుకుంటాం.

"ఈ అంకె తగ్గించిందెవరు?" అని మేనేజరునడిగాను.

"ఇంతకుముందు వచ్చినతను. నేనే చెప్పాను" అన్నాడు, దాచేదేమీ లేనట్టు, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ. "ఫోటోలు చూస్తే హెడ్ ఆఫీసువాళ్ళకు అన్నం సహించదు లా. మాటల్లో రాస్తే చాలు కదా."

"వీళ్ళకు ఇంగ్లీషు రాయడం రాదు కదండీ?"

"అయితే నా దగ్గరికి వచ్చి చెప్పొచ్చు. తలుపు తెరిచే ఉంటుంది." తలుపు మూసే ఉంది, ఏసీ బయటికి పోకుండా. అంతలో ఆయన బల్ల కిందనుంచి ఒక సంచీ తీసి పైన పెట్టాడు. చవక తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ నుంచి నా కోసం తెప్పించిన చికెన్ రైస్. "ముందు మకాన్, మకాన్, తినండి. పని తర్వాత" అంటూ, తెరమీద ఆకుపచ్చ కోడి ముక్క అలాగే ఉండగా, తన పొట్లం విప్పి తినడం మొదలుపెట్టాడు. వేళ్ళకు నూనె అంటకుండా ఎంత నేర్పుగా తిన్నాడో! ఇన్నేళ్ళలో ఒక మనిషి తింటుంటే చూసి అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ఫోన్ చేసుకోవాలని చెప్పి బయటికొచ్చి బాసుకు చేశాను.

"సార్, అవి పాడైన మెసేజీలు కాదు. పాడైన అన్నం ఫోటోలు. పోకుండా కావాలనే ఆపినారు."

"మనం ఆపామా?"

"మనకంటే ముందొచ్చినోళ్ళు. ఈ మేనేజరే చెప్పినాడంట."

"మరింకేం. మనకెందుకమ్మా? చెరిపెయ్యమన్నారు, చెరిపేసి రా. వచ్చే నెల కాంట్రాక్టు రెన్యువల్ ఉంది."

"నాకి బుద్ధి పుట్టడంల్యా సార్."

"బుద్ధితో ఏం పనమ్మా, కీబోర్డుతో పని" అని తన జోకుకు తనే నవ్వి పెట్టేశాడు.

షెడ్డు కింద ఒకాయన నిలబడి ప్యాకెట్టు విప్పి వాసన చూస్తున్నాడు. నా తెలుగు విన్నట్టుంది, "ఏ ఊరు మేడమ్?" అని పలకరించాడు. ఆయనది శ్రీకాకుళం పక్క. వెల్డింగు పనట, ఈ వారం రాత్రి షిఫ్టట.

"ఈ అన్నం రోజూ ఇట్లే ఉంటుందా?" అని అడిగాను.

"సీకట్నే తెచ్చి పడీసి ఎల్పోతారు మేడమ్. సైట్లో మజ్జాన్నం ఇప్పేతలికి నురగొచ్చీస్తాది. కూర పారబోసి, అన్నం కడుక్కుని, ఉప్పేసుకుని తినెస్తాం. ఏటి సేస్తాం."

"యాప్‌లో చెప్పలేదా?"

"సెప్పినాం. పొటోలెట్టినాం. ఎంటనే థాంక్యూ అనొచ్చీస్తాది. మావోళ్ళు నవ్వుతారు, సూడ్రా, పురుగునంపితే థాంక్యూ సెప్పినాడని." చెప్తూ తనూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన ప్యాకెట్టు మడిచి డబ్బాలో పడేసి, ఎవరిదో బిస్కెట్ పొట్లం అడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

నేను తిరిగి వచ్చి మేనేజరుతో నెమ్మదిగానే చెప్పాను. "డిస్కు నిండడానికి కారణం సైజు అంకె. దాన్ని సరిచేస్తే పాడు మెసేజీలే ఉండవు. నేను చేసేది అదే. చెరిపేయమంటే, వాళ్ళ ఫిర్యాదులు ఎవరికీ చేరకముందే చెరిపేయమని మీరు నాకు మెయిల్‌లో రాసివ్వండి."

ఆయన నోరు తుడుచుకున్నాడు. "రాయడం ఎందుకు లా? మీ బాసుకు తెలుసు కదా."

"రాస్తే ఇప్పుడే చెరిపేస్తాను."

ఆయన నన్ను చూశాడు, కీబోర్డును చూశాడు, రాయలేదు. పురుగులున్న అన్నం పెట్టడానికి జంకని మనిషి ఒక వాక్యం రాయడానికి జంకాడు. నేను సైజు అంకెను మొదట ఉండాల్సిన చోటికి పెంచాను. ప్రోగ్రామును ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. పాడు మెసేజీలన్నిటినీ తీసి, కొత్తగా వచ్చినవి పడే ఫోల్డర్లో వేశాను. అవి ఒక్కొక్కటే బయల్దేరాయి. మేనేజరు ఫోన్ బల్ల మీద టింగుమంటూనే ఉంది. కాసేపటికి హెడ్ ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. ఆయన లేచి నిలబడి మాట్లాడాడు. "యెస్ మేడమ్, షాకింగ్ మేడమ్, ఐ ఆల్సో జస్ట్ సీ" అంటున్నాడు. అప్పుడే మొదటిసారి చూసినట్టు ఆ గొంతులో ఎంత బాధ పలికించాడంటే, కుర్చీలోంచి లేవడానికి నా కాళ్ళు తొందరపడ్డాయి. నా కోసం తెచ్చిన పొట్లం విప్పకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి స్నానం చేశాను. సాయంత్రం మా పాప అన్నంలో వేళ్ళు పెట్టి కెలుకుతూ "డోన్ట్ వాంట్ లా, అమ్మా" అంటే, మామూలుగా కసిరేదాన్ని, ఆ రోజు గిన్నె తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకుని చూశాను. ఏమీ లేదు. అయినా నేను తినలేకపోయాను.

తర్వాత జరిగింది చెప్పుకోదగ్గది కాదు. వంట కాంట్రాక్టరు మారలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రెండు విడతలుగా భోజనం తెచ్చిస్తున్నారని విన్నాను. అంతవరకు మేలే. హెడ్ ఆఫీసువాళ్ళు మేనేజరును మెచ్చుకుంటూ అందరికీ మెయిల్ పెట్టారు, సమస్యను గుర్తించి చురుగ్గా స్పందించాడని. కొన్నాళ్ళకు యాప్ కొత్తది వచ్చింది. అందులో ఫోటో పెట్టే గుర్తే లేదు. దాని బదులు నవ్వే మొహం, ఏడ్చే మొహం ఉన్నాయి, ఏదో ఒకటి నొక్కాలి. ఆ మార్పు చేసింది మా ఆఫీసే. నన్ను ఆ పనికి దూరంగా పెట్టి, పక్క సీటు అబ్బాయికిచ్చారు. కాంట్రాక్టు రెన్యువల్ అయింది.

ఆ సంతోషంలో బాసు మా అందరినీ వాళ్ళింటికి పిలిచాడు. గోంగూర మాంసం, ఉలవచారు, అన్నీ ఘనంగా చేయించాడు. వచ్చినవాళ్ళకు నన్ను చూపించి, "డిస్కు ఖాళీ చెయ్యమంటే ఈవిడ కంపెనీనే ఖాళీ చెయ్యబోయింది! పురుగుల లాయరు!" అన్నాడు. ఆఫీసువాళ్ళు, వాళ్ళ భార్యలు, భర్తలు అందరూ నవ్వారు. కొందరు ఆ పురుగులు ఎలా ఉన్నాయో చెప్పమన్నారు. చెప్పాను. ఉన్నదున్నట్టు, పెద్ద గొంతుతో, ఎముక దగ్గరి ఆకుపచ్చ రంగుతో సహా చెప్పాను. "అబ్బ, తినేటప్పుడు ఏందమ్మా ఇది!" అని బాసు విసుక్కునేదాకా చెప్పి, చేయి కడుక్కుని, చెప్పులు వేసుకుని వచ్చేశాను. ఆ నెలాఖరుకి వేరే ఉద్యోగం చూసుకున్నాను.