జపాన్ పాసుకు నడికుడి శాంపిలు

రామచంద్రయ్య రోజూ తెలతెలవారకముందే లేచి, చన్నీళ్ల స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, ఆ తడి తలతోనే రెండు స్టీలు క్యాన్ల నిండా మంచినీళ్లు పట్టుకొని మిర్యాలగూడ స్టేషనుకు పోయేవాడు. తిరుపతి నుంచి వచ్చే బండి అక్కడ ఆగేది కాసేపే. ఆ కాసేపట్లోనే కిటికీల వెంట నడుచుకుంటూ, చువ్వల సందుల్లోంచి బయటికొచ్చిన సీసాలన్నీ నింపేవాడు. గుండ్లు చేయించుకున్న పిల్లలు, నిద్ర తీరని తల్లులు, తలకు మఫ్లరు చుట్టుకున్న ముసలాళ్లు. వాళ్లలో ఎవరో ఒకరు లడ్డూ ముక్క తుంచి ఆయన చేతిలో పెట్టేవారు. దాన్ని కండువా కొసన మూటగట్టి ఇంటికి తెచ్చి కనకమ్మకిచ్చి, "తీస్కో కనకం, ఇయ్యాల గూడ స్వామి మనింటికొచ్చిండు" అనేవాడు.

కనకమ్మ ఆ ముక్కను కళ్లకద్దుకొని నోట్లో వేసుకునేది. ఆ వేళప్పుడు ఊరంతా మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన కమ్ముకొని ఉండేది. లారీలింకా కదిలేవి కావు. ఎన్నేళ్ల తరవాత తలచుకున్నా ఆ వడ్ల వాసన, ఆ లడ్డూలోని పచ్చకర్పూరం వాసన ఆమెకు కలిసే గుర్తుకొస్తాయి.

అయితే ఆమె మనసులో చిన్న కోరిక ఒకటి ఉండేది. పెద్ద కోరికేం కాదు. రైల్లో కిటికీ పక్కన తాను కూర్చోవాలి, తన పక్కన ఆయన కూర్చోవాలి, బండి నది మీద పోతుంటే తన చేత్తో తాను ఒక రూపాయి బిళ్ల నీళ్లలో వేసి దండం పెట్టుకోవాలి. అంతే. కాశీకి పోయినప్పుడు చుట్టాలు బోగీ నిండా ఉన్నారు. ఆయన అందరి సామాన్లకూ కాపలా, అందరి నీళ్లకూ కావడి. గంగ వచ్చినప్పుడు ఎవరో కిటికీ దగ్గరున్నామె, "ఇటియ్యి వదినా, నేనేస్త" అని కనకమ్మ చేతిలోని బిళ్ల తీసుకొని వేసింది. గోదావరి దగ్గరా అంతే. పుణ్యం ఎవరు వేసినా పుణ్యమే అనుకొని ఊరుకుంది. కానీ కోరిక ఊరుకోలేదు.

రెండువేల ఏడులో మిల్లర్ల సంఘం వాళ్లు జపాన్ ప్రయాణం పెట్టుకున్నారు. బియ్యంలో నల్లగింజను ఏరిపారేసే మిషన్లు అక్కడ కొత్తవి వచ్చాయట, చూసి రావాలని. రామచంద్రయ్య అప్పటికే తన బియ్యం మిల్లు తమ్ముడికి అప్పగించాడు. అయినా సంఘానికి పెద్ద కనుక రాక తప్పదన్నారు. భార్యల్ని కూడా తీసుకురావచ్చన్నారు. టికెట్ల పని రామచంద్రయ్య మేనల్లుడు శ్రీనాథ్ చేతిలో పెట్టారు. ఆ అబ్బాయికి సూర్యాపేటలో ట్రావెల్స్ ఆఫీసు ఉంది. ఒకరోజు మోటారుసైకిలు వేసుకొని వచ్చి, వరండాలో కూర్చొని సంగతంతా విప్పాడు.

"మామయ్యా, మిషన్లు సూసుడైనంక ఇంకో వారం ఉంటది. ఆ వారం అందరితోని బస్సుల తిరుగుతరా, మీరు, అత్తమ్మ ఇద్దరే రైళ్లల్ల తిరుగుతరా? రైళ్లకు పాస్ ఉన్నది. వారం దినాలు ఎక్కినకాడ ఎక్కొచ్చు, దిగినకాడ దిగొచ్చు. గాని గాడికి పోయినంక అడిగితే ఇయ్యరు. బయటి దేశపోళ్లకే, అది గూడ ఈడనే కొనుక్కొని పోవాలె."

"ఏ బండైనా ఎక్కొచ్చారా?"

"అన్నిటికన్న స్పీడుగ పోయే బండి ఒక్కటి మాత్రం ఎక్కనియ్యరు."

"పోనియ్‌రా. మన ప్యాసింజరుకు అలవాటైనోణ్ని, నాకేం తొందరున్నది?" అని నవ్వాడు రామచంద్రయ్య.

"ఇంకోటున్నది మామయ్యా. బస్సుల వంటాయన ఉంటడు. పొద్దుమాపు పప్పు, చారు తప్పకుంట దొరుకుతది. రైలెక్కితే మీ తిండి మీరే సూసుకోవాలె. మళ్ల నన్ను తిట్టొద్దు."

లోపల కాఫీ కలుపుతున్న కనకమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇద్దరే. రైలు. వారం రోజులు. గుండె చిన్నపిల్లలా గంతేసింది.

మర్నాడు పాలు పోయడానికి వచ్చిన సోమమ్మ దగ్గర ఆ మాట అనకుండా ఉండలేకపోయింది. సోమమ్మకు నాలుగు బర్రెలు, నోటి నిండా మాటలు.

"ఏందక్కా, ఇద్దరే పోతరా? మంచిగనే ఉన్నది! మా సావుకారి గాడ గూడ రెండు క్యాన్లు పట్టుకొని బండంత తిరిగి నీళ్లు పోస్తడు. నువ్వేమో మూటకు కావలి కూసుంటవ్!"

"పోవే, నీ నోట్లె మన్నుబడ!" అంది కనకమ్మ నవ్వుతూనే. కానీ ఆ మాట ముల్లులా లోపల విరిగింది.

రామచంద్రయ్య మాత్రం ఎటూ తేల్చలేకపోయాడు. సంఘం వాళ్లు, "మీరు లేకుంటే బస్సుల మాకు దిక్కెవరన్నా?" అన్నారు. అది నిజమే అనిపించింది. పాసూ బాగానే అనిపించింది. జీవితమంతా బియ్యం వ్యాపారం చేసిన మనిషి. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, గింజలు అరచేతిలో పోసుకొని, ఊది, నలిపి, నాలుగు నమిలి చూడందే ఏ సరుకూ కొని ఎరగడు. అదైనా ఒక్కచోట కాదు, మూడు చోట్ల గుచ్చాలి. మీద, నడుమ, అడుగున. అలాంటివాడికి కంటితో చూడని రైలును ముందే కొనమంటే ఎట్లా?

చివరికి ఒకనాడు భోజనాల దగ్గర, "కనకం, శాంపిలు సూద్దాం" అన్నాడు.

"దేనికి?"

"పాసుకే. మనిద్దరమే నడికుడి దాక పోయొద్దాం. జపాన్‌ల దొరికేది తెల్లన్నమే అనుకో. కందిపొడి, చింతకాయ తొక్కు కట్టుకో. ఇంకేమొద్దు. మనం ఒక్కలమే పోయి రాగలుగుతమా లేదా తేలిపోతది."

జపాన్ పోవడానికి నడికుడి పోయి పరీక్షించేవాడు లోకంలో తన మొగుడొక్కడే అనుకొని కనకమ్మ మురిసిపోయింది. నడికుడి అంటే నడుమ కృష్ణ ఉంది. చీర కొంగున ఒక రూపాయి బిళ్ల ముడి వేసుకుంది.

పొద్దుటి ప్యాసింజరు ఖాళీగానే వచ్చింది. రామచంద్రయ్య ముందు ఎక్కి, కిటికీ పక్క జాగా చూసి, "కూసో" అన్నాడు. కనకమ్మ కూర్చుంది. పక్కన ఆయన కూర్చున్నాడు. కాలువ కింది పొలాలు పచ్చగా వెనక్కి పోతున్నాయి. పొలం గట్టున ఎవరో చెయ్యి ఊపితే కనకమ్మ కూడా సిగ్గుపడుతూ చెయ్యి ఊపింది.

తరవాతి స్టేషనులో చంటిపిల్లతో ఒక తల్లి ఎక్కింది. పిల్ల గాలాడక ఏడుస్తోంది. "కనకం, జర జరుగు. పిల్లకు గాలి తగలనియ్యి" అన్నాడు రామచంద్రయ్య. కనకమ్మ జరిగింది. ఇంకొంచెం దూరం పోయాక కాళ్లు వాచిన ముసలాయన వచ్చాడు. రామచంద్రయ్య లేచి తన చోటిచ్చాడు. ఆ తరవాత ఎవరి సంచో పైకెత్తాడు, ఎవరికో సీసాలో నీళ్లు పోశాడు, తలుపు దగ్గర నిలబడి ఎవరి కూతురి పెళ్లి సంగతో వింటూ ఉండిపోయాడు. చంటిపిల్ల కనకమ్మ ఒళ్లోకి వచ్చి, ఆమె పుస్తెలు నోట్లో పెట్టుకొని ఆడుకుంటూ నిద్రపోయింది.

వంతెన మోత మొదలైంది. కనకమ్మ కొంగు ముడి విప్పి బిళ్ల పిడికిట్లో పట్టుకుంది. పిల్ల లేస్తుందేమోనని కదలలేదు. కిటికీ దగ్గరున్న తల్లి భుజం మీదుగా నీళ్లు మెరిశాయి. అంతలో మోత ఆగిపోయింది.

నడికుడిలో దిగి, ప్లాట్‌ఫారం మీద చెట్టు నీడన బెంచీ చూసుకొని సద్ది విప్పారు. రామచంద్రయ్య ముఖం వెలిగిపోతోంది.

"సూసినవా, ఎంత సులువుగొచ్చినమో! ఒక్క తొక్కుతోనే ఎంత కమ్మగున్నది! శాంపిలు పాసయ్యింది. శ్రీనాథ్‌కు చెప్పి పాసులు తియ్యమంట."

"వద్దండి" అంది కనకమ్మ. "బస్సులనే పోదాం."

"ఏం, తిండికి భయమా?"

"తిండికి కాదు." పిడికిలి విప్పి బిళ్ల చూపించింది. "గంగల నేను వెయ్యలె, గోదాట్ల వెయ్యలె. ఇయ్యాల కిష్ణల గూడ వెయ్యలె. ఆ పిల్లతల్లికి సీటియ్యొద్దని నేనంటనా? పుణ్యాత్ములు మీరు. గాని ఇద్దరమే పోయొద్దామంటిరి. ఇద్దరం యాడొచ్చినం? బండంతటికి సుట్టమైతిరి, నాకు దప్ప. రేపు జపాన్‌ల గూడ గింతే. గా మాత్రానికి పాసెందుకు? బస్సుల ఒక్కదాన్నే కూసునుడైతే నాకలవాటే."

అనేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. పెళ్లయినప్పటినుంచీ ఆయనతో ఇంత పొడుగు మాట అనలేదు.

రామచంద్రయ్య అన్నం ముగించి, నల్లా దగ్గర చెయ్యి కడుక్కొని వచ్చి, బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ బిళ్ల ఆమె అరచేతిలోంచి తీసుకొని, శాంపిలు గింజల్ని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్లీ ఆమె చేతిలోనే పెట్టి వేళ్లు మూశాడు.

"వడ్లు మంచివే గానీ మర పట్టినోడే సక్కగ పట్టలె" అన్నాడు మెల్లగా. "ఒక్కచోట గుచ్చి బస్తా వాపసు పంపొద్దు కనకం. ధర్మం కాదు. ఇంటికి పోయేటప్పుడు ఇంకో చోట గుచ్చుదాం. అది గూడ గిట్లనే ఉంటే, నువ్వన్నట్టు బస్సే."

తిరుగు బండి గుంటూరు వైపు నుంచి నిండుగా వచ్చింది. ఎక్కారు గానీ కాలు పెట్టే సందు లేదు. కిటికీల దగ్గర అందరూ కుదురుకొని ఉన్నారు. కృష్ణ ఇక ఎంతో దూరం లేదు. కనకమ్మ అలవాటు చొప్పున నడవలోనే ఓ పక్కకు ఒదిగి నిలబడింది.

రామచంద్రయ్య నిలబడి అటూ ఇటూ చూశాడు. పుట్టి బుద్ధెరిగి ఒకరిని ఒకటి ఇమ్మని అడిగినవాడు కాదు. రోజూ పొద్దున్నే అన్ని కిటికీలకు నీళ్లందించాడు గానీ, ఏ కిటికీ దగ్గరా చెయ్యి చాచలేదు. లడ్డూ ముక్క కూడా వాళ్లంతట వాళ్లు పెడితేనే పుచ్చుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం కనకమ్మ చూసింది. కండువా సర్దుకొని, కిటికీ పక్కన జామకాయల సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్న పెద్దావిడ దగ్గరికి పోయి, రెండు చేతులూ జోడించాడు.

"ఏంటండీ, దండం పెడతన్నారు? ఏం కావాలి?" అందావిడ కంగారుగా.

"అమ్మా, కృష్ణ దాటేదాక ఆ కిటికీ సీటు జర మా ఆమెకిస్తరా?" అన్నాడు రామచంద్రయ్య. తరవాత గొంతు తగ్గించి, ఆగి, ఆగి అన్నాడు: "ఆమె పక్కన... నాకు గూడ కొంచెం జాగ సూపియ్యుండ్రి."