ఒకే ఆది జాకెట్టు

మా పుట్టింట్లో ఏ శుభకార్యమైనా ఆడపిల్లలిద్దరికీ ఒకే రకం చీర, ఒకే గుడ్డలో జాకెట్టు. దర్జీకి కొలతకిచ్చే ఆది జాకెట్టు మాత్రం నాదే. నేను తమిళనాడులో, కోవిల్‌పట్టిలో ఉంటాను, దర్జీ మా వీధిలోనే. చెల్లెలు ఉండేది విరుదునగర్‌లో. ఇద్దరిదీ ఒకే ఒళ్ళు కాబట్టి చెల్లెలి కొలతలు ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇందులో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఐదేళ్ళ కిందట నాకు క్యాన్సరొచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. ఆపరేషన్‌కు ముందు మదురైలో డాక్టరమ్మ ఒక మాట అడిగింది, ఒంట్లోని కండతోనే మళ్ళీ రొమ్ము కట్టొచ్చు, చేయమంటారా అని. నన్నే అడిగింది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పక్కనుండగా కోడలు నోరు విప్పదు. మా అత్తగారు తమిళంలో, ఈ వయసులో దీనికి అదెందుకు అన్నారు. నాకప్పుడు నలభై ఆరు. ఆవిడ మాటకే తలూపాను.

ఆ తర్వాత చిన్న గుడ్డసంచి కుట్టి, బరువు సరిపోవాలని సజ్జలు నింపి, బాడీలో పెట్టుకోవడం మొదలుపెట్టాను. దూది పెడితే తేలిపోయి భుజం ఒక పక్కకు వాలేది. ఒక వానాకాలం ఆ సజ్జలకు పురుగు పట్టింది. బస్సులో గోక్కోలేక నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. నవ్వొస్తే నవ్వండి, నేనూ నవ్వాను, కానీ ఇంటికొచ్చాక.

పోయినేడు చెల్లెలికీ అదే జబ్బొచ్చింది. ఎడమవైపే. ఏడ్చాను, మొక్కుకున్నాను, దానికి అన్నం కలిపి తినిపించాను. అంతవరకూ నా ప్రేమలో లోపం లేదు. అయితే అది డాక్టరమ్మను తనే అడిగి, పొట్ట దగ్గరి కండతో రొమ్ము కట్టించుకుందని తెలిసిన రోజునుంచి నాకు కడుపు మండుతోంది. దాని అత్తగారూ అప్పుడు పక్కనే కూర్చుని ఉన్నారట. అయినా అడిగింది.

మొన్న మా అన్న మనవడి చెవులు కుట్టే వేడుకకు వదిన ఎప్పటిలాగే గుడ్డ దర్జీకిచ్చింది. అతను ఎప్పటిలాగే తన దగ్గరున్న నా పాత జాకెట్టు కొలతకు రెండూ కుట్టాడు. అన్న ఇంట్లో గది తలుపేసుకుని ఇద్దరం తొడుక్కున్నాం. సంచి పెట్టినా నాది ఎడమవైపు ముడతలు పడింది. చెల్లెలిది అతికినట్టు కూర్చుంది. నా కొలత నాకు సరిపోలేదు, దానికి సరిపోయింది. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూశాను.

"ఏమక్కా, అట్ల చూస్తా ఉండావు?"

"ఏమీ లేదు. బాగుండాది. పొట్ట కూడా కరిగిపోయె, ఇంకేం కావాల నీకు?"

అది నవ్వలేదు. హుక్కులు తీసి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టుకుంది. "గిల్లి చూడు."

గిల్లాను. కొంచెం గట్టిగానే గిల్లాను.

"ఏమీ తెలీదక్కా. మనవరాలు తల పెట్టి పండుకున్నా తెలీదు. చూసేదానికి మాత్రమే ఇది."

ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. దాచను. మరుక్షణం సిగ్గేసింది, కానీ మంట మాత్రం తగ్గలేదు.

"చూసేదానికైనా నీకుండాది," అన్నాను.

"నీకూ చేస్తారు. ఎన్ని వరుషాలైనా పరవాలేదంట. నీ కాగితాలు ఎత్తుకోని రమ్మన్నాది డాక్టరమ్మ. నీ కోసరం నేనే అడిగినాను."

ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. ఆ అవకాశం ఆ రోజుతోనే పోయిందనుకుని ఐదేళ్ళు సజ్జలు మార్చుకుంటూ బతికాను. సంతోషించాల్సింది పోయి మళ్ళీ మండింది. తన కోసం అడిగిందీ అదే, నా కోసం అడిగిందీ అదే.

వారం తర్వాత కోవిల్‌పట్టిలో మదురై బస్సెక్కాను. చెల్లెలు విరుదునగర్‌లో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసి, అలవాటుగా దానివైపే తిరిగింది. అది చెప్పబోయింది.

"నువ్వు బయట కూచో," అన్నాను.

అది లేచి వెళ్ళింది. తలుపు మూసుకున్నాక డాక్టరమ్మకు చెప్పాను, నాకు కావాలని.