మా మునగచెట్టు కొట్టించను

మొన్న ఆషాఢంలో మునగాకు కోసం మా గేటు తీసినవాళ్ళే, ఈ ఉదయం ఆ చెట్టు కొట్టించమని వచ్చారు. చెట్టుకు గొంగళి పురుగు పట్టింది. పక్కింటి సుబ్బలక్ష్మిగారు చెట్లు కొట్టే అతన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు.

“అన్నయ్యగారూ, ఆ పురుగులు పాకి మా మనవరాలికి ఒళ్ళంతా దద్దుర్లండీ. కొట్టించేయండి.”

“పాపను చూశానమ్మా, తప్పు నాదే. కానీ సాయంత్రం దాకా ఆగండి. అప్పటికి ఒక్క పురుగు కనపడినా నేనే కొట్టిస్తాను.”

“అయితే ఇతన్ని అయిదింటికి రమ్మంటానండీ!”

ఈ పురుగులు రాత్రి ఆకు తిని, పగలు మాను మీద గుంపుగా అతుక్కుని ఉంటాయి. ఏటా చూసి డైరీలో రాసుకున్న సంగతే. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మాను తడిసేలా సబ్బునీళ్ళు కొట్టాను. రాలినవాటిని చీపురుతో సబ్బునీళ్ళ బకెట్లోకి ఊడ్చాను. అలా మూడుసార్లు.

అయిదింటికి ఇద్దరూ వచ్చారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మాను చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఒక్కటీ దొరకలేదు.

“మళ్ళీ వస్తాయి కదండీ!”

“రానివ్వండమ్మా. నేనూ ఇక్కడే ఉంటాను.”

గొడ్డలి వెనక్కి వెళ్ళిపోయింది. నా చేతులు ఇంకా దురద పెడుతూనే ఉన్నాయి. మీ వీధిలో పురుగుకు భయపడి ఎన్ని మునగలు కొట్టేశారో చెప్పండి.