అమ్మ పంచిపెట్టిన బిళ్ళలు

మా అమ్మ సుందరమ్మ చేతికి ఎముక లేదంటారు కొల్లూరులో. బడిలో ఇరవై రెండేళ్ళు మధ్యాహ్న భోజనం వండింది. ఇంట్లో అరటిగెల పండితే వీధంతా తినాల్సిందే. మంచి గుణమే, కానీ ఒక్కోసారి నాకు ఒళ్ళు మండేది.

నిరుడు ఆమెకు కడుపునొప్పి ఎంతకీ వదలకపోతే తెనాలి తీసుకెళ్ళాను. ఎండోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. తర్వాత డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. అది లింఫోమా అట, ఒక రకం క్యాన్సర్. కడుపులో ఏళ్ళ తరబడి కాపురం పెట్టిన బాక్టీరియా వల్ల వచ్చింది. ఇంకా ముదరలేదు. పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ వాడి ఆ బాక్టీరియాను చంపితే, చాలామందికి గడ్డ కూడా కరిగిపోతుందన్నారు.

అమ్మకు మాత్రం గ్యాస్ పుండని చెప్పాను. క్యాన్సర్ అంటే బెంగతోనే పోతుందని నా భయం.

రెండు నెలలకు గొట్టంలోకి ఊదించి పరీక్ష చేస్తే బాక్టీరియా అలాగే ఉంది.

"మందులన్నీ వాడారామ్మా?" అని అడిగారు డాక్టరుగారు.

"ఐదు రోజులకే నొప్పి తగ్గిందండి. మిగతావి పక్కింటి ప్రభుదాసుకిచ్చా. పాపం, వాడికీ గ్యాసేనండి," అంది అమ్మ నింపాదిగా.

డాక్టరుగారు నా వంక చూశారు. బయట బెంచీ మీద కూర్చోబెట్టి అమ్మకు అంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు.

"ముందే చెప్పుంటే పంచేదాన్నా ఏంజెలూ? పేరు వినగానే ప్రాణం పోద్దా ఏంటి?" అంది.

ఈసారి మందులు మార్చి రాశారు. నోరంతా చేదు, వికారం. అయినా ఒక్క పూట తప్పలేదు. ప్రభుదాసు మళ్ళీ బిళ్ళలడిగితే, "లేదురా, ఇవి నాకే కావాలి. పద, నిన్నూ చూపిస్తా," అని తెనాలి బస్సెక్కించింది.

బాక్టీరియా పోయింది. ఆరు నెలల తర్వాత చేసిన ఎండోస్కోపీలో గడ్డ కూడా కనిపించలేదు. రిపోర్టు పట్టుకుని, ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్న అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"పోయిందమ్మా! మొత్తం పోయింది!"

అమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. రిపోర్టు నా చేతిలోంచి తీసుకుని లేచింది.

"ఏమనుకోకమ్మా. ఇది ఆయన నోటే వింటా," అని డాక్టరుగారి గదిలోకి వెళ్ళింది.

ఎగిరి గంతేయాల్సిన వేళ నాకు తల కొట్టేసినట్టయింది.