పేపరు మీది తేదీ

మా ఊరు పర్చూరు దారిలో ఉంది. పదవీ విరమణ చేసినప్పటి నుంచి నా ఉదయాలు శాఖా గ్రంథాలయంలోనే గడుస్తున్నాయి. అక్కడి లైబ్రేరియన్‌కు నా కూతురి వయసుంటుంది. గ్రంథాలయం పేరిట ఫేస్‌బుక్ పేజీ తెరిచి రోజుకో ఫోటో పెడుతుంది. పాఠకులకు వాట్సాప్ గ్రూపు కూడా నడుపుతుంది. పాత ఫోటోలే తిప్పి తిప్పి పెడుతున్నారని పై అధికారులకు ఒకసారి అనుమానం వచ్చింది. అప్పటి నుంచి ముందు కూర్చున్నవాళ్ళు ఆ రోజు పేపరును తేదీ కనబడేలా పట్టుకోవాలి. ఆ పని ఎక్కువగా నాకే పడేది. ఏ పనైనా సరిగ్గా చేయడం నాకు అలవాటు. తిన్నగా పట్టుకునేవాణ్ణి.

వానాకాలం నుంచి ఒకమ్మాయి పోటీ పరీక్షకు చదువుకోవడానికి వచ్చేది. భర్త కొట్టే దెబ్బలకు తాళలేక మా ఊళ్ళో పిన్ని ఇంట తలదాచుకుంది. ఆమె ఎక్కడుందో అతనికి తెలియదు. ఈ సంగతి నాకూ లైబ్రేరియన్‌కూ మాత్రమే చెప్పింది. ఫోటో తీసే వేళకు లేచి బీరువాల వెనక్కి వెళ్ళిపోయేది.

మిరపకోతల రోజుల్లో ఒక సాయంత్రం, డైరీ రాసుకుని ఫోను తెరిచాను. పేజీలో ఆనాటి ఫోటో ఉంది. నా చేతిలో పేపరు, నా భుజం వెనక రెండు బీరువాల సందులో ఆమె ముఖం. వెంటనే లైబ్రేరియన్‌కు ఫోన్ చేశాను. ఆమె ఆ ఫోటోను పేజీలోంచి తీసేసింది గానీ, అప్పటికే ఎవరో మెచ్చుకుని గ్రంథాలయం పేరుతో సహా వేరే గ్రూపులకు పంపేశారని మాకు తెలియదు.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చే వేళకు కాస్త ముందు, గుమ్మం ముందు మోటారు సైకిల్ ఆగింది. లోపలికొచ్చిన మనిషి లైబ్రేరియన్ ముందు ఫోను పెట్టాడు.

"మేడం, ఈమె ఇక్కడికి వస్తందా? మా ఇంటావిడ."

"అది పాత ఫోటో అండీ. ఏదో మీటింగప్పుడు బయటూరి వాళ్ళు వచ్చారు."

అతను రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసి నావైపు తిప్పాడు.

"పెద్దాయనా, ఇది మీరేగా? తేదీ నిన్నటిది. కాస్త వంకరగా పట్టుకోగూడదా, నాకింత తేలికయ్యేది కాదు."

అతను నా ఎదురుగా గుమ్మం కనబడేలా కుర్చీ లాక్కున్నాడు. "లైబ్రరీ అందరిదీ గదా. నేనూ చదువుకుంటా."

లైబ్రేరియన్ తలొంచుకుని ఫోను నొక్కుతోంది. నా జేబులో ఫోను కదిలింది. గ్రూపులో ఆమె మాటలు: "ఈ రోజు పుస్తకాల లెక్కింపు. గ్రంథాలయం మూసి ఉంటుంది. ఎవరూ రావద్దు." బార్లా తెరిచిన తలుపుల ముందు కూర్చుని అది చదివాను. వెంటనే ఒక పాఠకుడి జవాబు: "తీసే ఉందిగా మేడం! ఇప్పుడే దాటుకుంటా వచ్చా."

ఆ అమ్మాయి కూడా ఆ గ్రూపులో ఉంది. ఏ మాట నమ్ముతుంది?

లేచి కిటికీలు మూయడం మొదలుపెట్టాను. "లెక్కింపు ఉంది బాబూ, లేవాలి" అన్నాను.

"నిన్న పేపరు పట్టుకున్న చెయ్యేనా ఇది? ఇవాళ కిటికీలు మూస్తందే" అని నవ్వి బయటికి నడిచాడు. వెళ్ళిపోలేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గర బండి మీద కూర్చున్నాడు.

మేము లోపల గడియ పెట్టుకుని, పుస్తకాలు దించుతూ మళ్ళీ అక్కడే సర్దుతూ ఉన్నాం. వీధిలో ఎవరి అడుగులు వినబడినా ఇద్దరి చేతులూ ఆగిపోయేవి. ఆ అమ్మాయి రాలేదు. పొద్దు వాలాక అతను బండి తీశాడు. ఎటు వెళ్ళాడో కిటికీ సందులోంచి కనబడలేదు.

ఆ సాయంత్రమే గ్రూపులో ఒక లైను కనబడింది. ఆ అమ్మాయి నంబరు గ్రూపు నుంచి వైదొలిగింది.

"తనే వెళ్ళిపోయిందంటారా బాబాయి గారూ? లేక ఫోను అతని చేతికి చిక్కిందా?" అంది లైబ్రేరియన్. ఫోన్ చేయబోయి, ఎవరు ఎత్తుతారోనన్న భయంతో ఆగిపోయింది. మర్నాడు వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళి చూస్తే తాళం వేసి ఉంది. పక్కింటివాళ్ళు తెల్లవారకముందే ఆటోలో వెళ్ళారన్నారు. ఆటోలో ఎందరున్నారో వాళ్ళు చూడలేదు.

ఇప్పుడు ఆ పేజీలో బీరువాల ఫోటోలే వస్తాయి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైతే మేమిద్దరం ఒకేసారి తలెత్తుతాం. ఆమె రావాలనీ ఉంటుంది, రాకూడదనీ ఉంటుంది.