కొర్లమ్మ పలకని పేరు

2015లో నౌపడ దగ్గర, ఉప్పు మళ్లు దాటాక వచ్చే ఒక మత్స్యకారుల ఊళ్లో, చిన్న సమాచార కేంద్రంలో నేను ప్రోగ్రామరుగా పనిచేసేవాణ్ణి. ఆ ఊరి మగవాళ్లలో చాలామంది గుజరాత్ బోట్ల మీద వేటకు వెళ్లేవారు. వెళ్తే మూడు వారాల దాకా ఫోను అందదు. బోటు రేవుకు చేరగానే అక్కడి గుమాస్తా అందులోని మనుషుల జాబితాను ఇంగ్లీషు అక్షరాల్లో పంపేవాడు. ఇంటివాళ్లు వచ్చి అడిగితే నా ప్రోగ్రాము జాబితాలో పేరు వెతికి, మనిషి చేరాడో లేదో చెప్పేది.

అన్నలో తండ్రులో వస్తే పేరు చెప్పేవారు, నేను ఇంగ్లీషులో కొట్టేవాణ్ణి. చిక్కల్లా భార్యలతోనే. మొగుడి పేరు నోటితో పలకరు. రేషన్ కార్డు తెచ్చి, పేరు మీద వేలు పెట్టి చూపించేవారు. కార్డులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో కొడితే, ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకుని జాబితాలో వెతికే ఏర్పాటు వాళ్ల కోసం చేశాను. దానికి కమాండులో ఒక ఆప్షన్ ఇవ్వాలి. ఇవి తెలుగు అక్షరాలు, అలాగే చదువు అని రన్‌టైమ్‌కు చెప్పే చిన్న గుర్తు అది. రన్‌టైమ్ అంటే మనం రాసిన ప్రోగ్రామును నడిపించే సాఫ్ట్‌వేర్. ఒకే ప్రోగ్రామింగ్ భాషకు ఇలాంటివి రెండు మూడు ఉంటాయి.

మా పాత కంప్యూటరు ఈసురోమంటుంటే ఒకరోజు తేలికపాటి వేరే రన్‌టైమ్ వేశాను. భాష ఒకటే కదా, ఆప్షన్లూ అవే అయ్యుంటాయనుకున్నాను. ఒక పేరు ఇంగ్లీషులో కొట్టి చూస్తే రెప్పపాటులో జవాబు వచ్చింది. నా భుజాలు నేనే చరుచుకున్నాను.

ఆ వారం గుజరాత్ వైపు సముద్రం పోటు మీద ఉంది. భార్యల్లో అడగడానికి వచ్చింది కొర్లమ్మ ఒక్కతే. ఆమె మొగుడు వెళ్లిన బోటులో ఈ ఊరివాళ్లు ఇంకెవరూ లేరు. వరసగా మూడు రోజులు వచ్చింది, కార్డు మీద వేలు పెట్టింది. కంప్యూటరు చెప్పిందే వేదమన్నట్టు, బోటు ఇంకా చేరలేదని మూడుసార్లూ చెప్పాను. ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేసిందని పక్కింటావిడ చెప్పింది.

నాలుగో రోజు కార్డు తేలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"కార్డులో అచ్చరాలు అరిగిపోనాయేటో. నాను నోటితో సెప్తాను, సూడు బాబూ," అంది.

తల దించుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దానేసు."

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ మాట పలకడం అదే మొదటిసారట. విన్న మాటే కాబట్టి అలవాటుగా ఇంగ్లీషులో కొట్టాను. వెంటనే వచ్చింది: మూడు రోజుల కిందటే రేవుకు చేరాడు. ఫోను నీళ్లలో పాడైందని తర్వాత తెలిసింది.

చెప్పగానే కొర్లమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఆయనొచ్చాక, నాను పేరెట్టినట్టు సెప్పకు బాబూ."

తప్పు నాదే. కొత్త రన్‌టైమ్‌కు ఆ ఆప్షన్ తెలియదు. తెలియదని చెప్పకుండా మెల్లగా దాటేసింది, కార్డు చూసి తెలుగులో కొట్టిన పేరు జాబితాలో దొరకలేదు. నేను తెలుగులో ఒక్కసారి కొట్టి చూసినా ఆ మూడు రోజులూ ఆమెకు తప్పేవి. ఏ రన్‌టైమ్ కింద నడిపినా ఒక గుర్తు ఒకే పని చేయాలనీ, తెలియని గుర్తు ఇస్తే తెలియదని అరిచి ఆగిపోవాలనీ ఆ రోజు బుద్ధి వచ్చింది. ఇప్పటికీ రెండు రన్‌టైమ్‌లలోనూ, రెండు లిపుల్లోనూ కొట్టి చూడందే ఏదీ ఎవరి చేతికీ ఇవ్వను.

ఆ సాయంత్రం గదిలో ఒక్కణ్ణే కూర్చుంటే, ఆమె గొంతులో ఆ పేరు పలికిన తీరే చెవుల్లో ఉంది. అంత బెంగతో ఒక మనిషిని పిలవగా నేనెప్పుడూ వినలేదు. విజయనగరంలో ఉన్న నా భార్యకు ఫోను చేశాను. ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలవమని అడిగాను.

"మీకేటైనాది ఇయ్యాల?" అని నవ్వింది. పేరు మాత్రం పలకలేదు.