మూడు రీళ్ళు, ఒక తెల్లచీర

మా ఆయన షాలేమ్‌రాజు ఫొటోగ్రాఫరు. నర్సీపట్నంలో ఇప్పుడీ మాట చెబితే ఎవరూ లెక్కచెయ్యరు. అందరి జేబుల్లోనూ ఫోనుంది, అందరూ ఫొటోగ్రాఫర్లే. ఒకప్పుడు మాత్రం పెళ్ళి ముహూర్తం కుదిరిందంటే పురోహితుడి ఇంటికి వెళ్ళినవాళ్ళు అటునుంచటే మా స్టూడియోకి వచ్చేవారు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. అయినా మా ఆయన కెమెరా పట్టుకుని నిలబడని పెళ్ళిపందిరి ఈ చుట్టుపక్కల లేదు.

ఆయనకి సెంటు పొలం లేదు, చెప్పుకోదగ్గ చదువు లేదు, నోట్లో మంచి మాట అసలే లేదు. ఉన్నదల్లా కన్ను. రంగు విషయంలో ఆ కంటికి తిరుగులేదని ఊరు అనేది, ఊరికంటే ముందు ఆయనే అనుకునేవాడు. ఆ కన్ను పోతే మనిషిలో ఇంకేమీ మిగలదు. కోపంతో అంటున్న మాట కాదిది. ఇన్నేళ్ళు కాపురం చేసి అంటున్నాను.

రీళ్ళ రోజుల్లో మా దగ్గర మూడు రకాలుండేవి. మూడూ చవకవే, ఖరీదైన ఫిల్ము కొనే బేరాలు కావు మావి. పెళ్ళిళ్ళకి కొడాక్. పసుపూ కుంకుమా నిండుగా వస్తాయనేవాడు. కొయ్యూరు వైపు కొండల్లో తీయాలంటే ఫ్యూజీ. ఆకుపచ్చ దాంట్లోనే బతికున్నట్టు ఉంటుందట. మిగతా అన్నిటికీ కోనికా. "ముగ్గురూ తోడికోడళ్ళే మణీ, ఒక మాట మీద ఎప్పుడూ నిలబడరు" అనేవాడు. మా అమ్మాయి కృపాజ్యోతికి చిన్నప్పుడు అదొక ఆట. ప్రింట్లు కలిపేసి, ఒక్కొక్కటీ ఎత్తి చూపించి "ఇదే రీలు నాన్నా?" అనేది. ఈయన చూసీ చూడనట్టు చూసి చెప్పేసేవాడు. అది పరిగెత్తుకెళ్ళి నెగటివ్ అంచు మీద పేరు చూసుకుని వచ్చేది. ఒక్కసారైనా తప్పితే బావుణ్ణని నేను వంటింట్లోంచి చెవులు రిక్కించి వినేదాన్ని. ఎందుకు తప్పుతుంది, నా ఖర్మ.

తర్వాత రీళ్ళు పోయాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పుడు మా స్టూడియో అంటే పాసుపోర్టు సైజు ఫొటోలు, ఫ్లెక్సీలు, పోయినవాళ్ళ పటాలు. పొద్దున్న షట్టరెత్తడం, సాయంత్రం దించడం. మధ్యలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసి ఇంటికొస్తాడు. "అలిసిపోయారా" అంటే "ఏటి సేసానని అలిసిపోడానికి" అంటాడు. ఏమీ చెయ్యకపోవడమే మనిషిని ఎక్కువ అలిసిపోయేలా చేస్తుందని ఆయన్ని చూశాకే నాకు తెలిసింది.

గొడవ చొక్కాతో మొదలైంది. ఆదివారం ఆరాధనకి వేసుకునే తెల్లచొక్కా పట్టుకుని ఒకరోజు నా మీదికొచ్చాడు.

"ఏటే, ఇలాగ పసుపెక్కిపోయింది? నీలిమందు పెట్టడం మానేసినావా?"

"పెట్టానండీ. పాలలా ఉంది కదా."

"పాలు ఇలాగుంటే పారబోస్తారు."

సరే, ఎందుకొచ్చిన రభస అని మరికాస్త నీలిమందు పెట్టాను. మరుసటి వారం మళ్ళీ అదే పాట. ఇంకాస్త పెట్టాను. చివరికి ఆ చొక్కా వేసుకుని వీధిలో నడుస్తుంటే పక్కింటి కొండలమ్మ ఆపి "అన్నయ్యగారూ, నీలంచొక్కా కొత్తదేటి, బాగుంది" అంది. ఈయన ఆవిడకే బుర్ర చెడిందని ఇంటికొచ్చి నాతో అన్నాడు.

చొక్కాతో పోతే బాగానే ఉండేది. ఫొటోలు కూడా నీలమయ్యాయి. కంప్యూటరు ముందు కూర్చుని, మొహంలో పసుపెక్కువైందంటూ తగ్గించీ తగ్గించీ జనాన్ని తెల్లారగట్ల ఏట్లో మునిగి వచ్చినవాళ్ళలా తయారుచేస్తున్నాడు. నేను ఊరుకునే రకాన్ని కాదు. మొహం మీదే చెప్పాను.

"ఏటండీ, మనుషులు నీలంగా ఉన్నారు."

"నీకేటి తెల్సు రంగులు? కూరలో ఉప్పు సూసుకో."

నోరున్న బేరాలు వేరే స్టూడియోకి పోయాయి. నోరు లేనివాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. గొలుగొండ నుంచి వచ్చిన వరలక్ష్మమ్మ అలాంటి మనిషే. ఆవిడ భర్త మంగరాజు చెరుకు రైతు, పొలంలోనే గుండె ఆగిపోయింది. పెద్దకర్మకి పటం కావాలని వచ్చింది. వాళ్ళమ్మాయి పెళ్ళిలో మంగరాజుని తీసింది మా ఆయనే. అటక మీంచి ఆ నెగటివ్ వెతికి తీసి, స్కాన్ చేసి, ఎంతో శ్రద్ధగా చేశాడు. ఎండలో కాగిన రాగిచెంబు రంగు మనిషి మంగరాజు. పటంలో నీలంగా ఉన్నాడు. వరలక్ష్మమ్మ దాన్ని చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఏదో అనబోయి, మా ఆయన మొహం చూసి ఆగిపోయింది. దణ్ణం పెట్టి, చీరచెంగులో చుట్టుకుని పట్టుకెళ్ళింది.

ఆ రోజు మా ఇంట్లో పెద్ద యుద్ధమే అయింది. "ఆ మనిషి అలాగున్నాడా? సెప్పండి!" అని అరిచాను. ఆయన మాత్రం సిరాదే తప్పన్నాడు, కాగితానిది అన్నాడు, తెర పాతబడిందన్నాడు. తన కన్ను తప్పితే ప్రపంచంలో ఉన్నవన్నీ చెడిపోయాయి. ఆఖరికి అటక మీంచి పాత కెమెరా దింపాడు.

"కంప్యూటర్ని నమ్మకూడదు. రీలు అబద్ధమాడదు. తీసి సూపిస్తాను, అప్పుడు నోరు మూస్తావు."

అనకాపల్లిలో టీచరుగా చేస్తున్న మా అమ్మాయికి ఫోన్ చేసి రీళ్ళు తెప్పించమన్నాడు. కోనికా ఎప్పుడో పోయిందట. ఇప్పుడు దొరికేవాటిలో చవకవే చూసి కొడాక్‌వి రెండు రకాలు, ఫ్యూజీది ఒకటి పంపింది. చవకవాటి ధర విని నాకు కడుపు మండింది, ఖరీదైనవి ఎంతో అడగలేదు.

పరీక్షకి నన్నే కూర్చోబెట్టాడు. చర్చిలో ప్రభువు బల్ల రొట్టె తీసుకునే రోజున కట్టుకునే తెల్లచీర కట్టమన్నాడు. ఒళ్ళో చేట, చేటలో టమాటాలు, బీరకాయ, పసుపుకొమ్ములు. మొదటి రీలుకి ఒక వేలు, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు ఎత్తి చూపించమన్నాడు, తర్వాత ఏది ఏ రీలో తెలియడానికట. రీలు మార్చినప్పుడల్లా ఓట్లు అడుక్కునేదానిలా ఎండలో వేళ్ళెత్తి కూర్చున్నాను. కొండలమ్మ గోడమీంచి చూసి నవ్వింది. నవ్వదూ మరి!

ఒక్క ఫొటోతో రీలు అవ్వదు కదా. మిగతా బొమ్మలకోసం ఊరంతా తిరిగాడు. సంతలో కూరలమ్ముకునేవాళ్ళు, బస్టాండులో ఏజెన్సీ బస్సుకోసం మూటల మీద కునికే జనం, చెరుకు బళ్ళు, ఆటోలు, జీడితోటలు. ఒకే చోటు మూడు రీళ్ళ మీదా తీయాలి కాబట్టి ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. మోకాళ్ళు పట్టేసి వచ్చి మంచం మీద వాలిపోయేవాడు. నేను ఆముదం రాస్తూ తిట్టేదాన్ని. కానీ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ తర్వాత ఆ మనిషి పని చేసి అలిసిపోయాడు. నాకు దిగులుగానూ ఉంది, ముచ్చటగానూ ఉంది.

రీళ్ళు కడిగే ల్యాబు దగ్గర్లో లేదు. దూరపు ఊరికి కొరియర్లో పంపాడు, రంగులు ముట్టుకోవద్దు, వచ్చింది వచ్చినట్టే ప్రింటు వేయండని రాసి మరీ. ప్రింట్లు వచ్చిన రోజున సెలవని కృపాజ్యోతి ఇంట్లోనే ఉంది. కవరు చింపి, దానికి పాత ఆట గుర్తొచ్చింది కాబోలు, నా ఫొటోలు మూడూ తీసి నేనెత్తిన వేళ్ళ మీద తన బొటనవేలు అడ్డం పెట్టి ఒకటి చూపించింది.

"ఇదే రీలు నాన్నా?"

"కొడాక్. అడగాలా?"

నేను దాని వెనకే నిలబడి ఉన్నాను. బీరకాయ ఆకుపచ్చగా మెరుస్తోంది, చీర అంచు నీడలో కూడా ఆకుపచ్చ ఛాయ ఉంది. నాలాంటిదానికే తెలుస్తోంది. అది బొటనవేలు తీసింది. మూడు వేళ్ళు. ఫ్యూజీ.

అమ్మాయి మొహంలో నవ్వు పోయింది. ఇంకోటి చూపించింది. ఆయన దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చూసీ చూడకుండా చెప్పే మనిషి అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్ళద్దాలు తుడిచి చూశాడు. ఫ్యూజీ అన్నాడు. అది కొడాక్, ఆ రెండు కొడాక్ రకాల్లో ఎరుపు ఎక్కువ వచ్చేది. తప్పాలని ఇన్నేళ్ళు ఎదురుచూసినదాన్ని, ఇప్పుడు తప్పకుండా ఉంటే బావుణ్ణనుకున్నాను.

మూడు ఫొటోలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో చీర మీద వేలు పెట్టాడు.

"మణీ, ఈ చీర ఏ రంగు?"

"తెలుపండీ."

"మూడింటిలోనూ?"

"మూడింటిలోనూ."

"నాకు మూడూ పసుపే." కుర్చీలో కూర్చుండిపోయాడు. "మూడు రీళ్ళు కలిసి ఒకే తప్పు సెయ్యవే. ఆటికంత ఐకమత్యం ఎక్కడిది? బీరువాలోంచి ఆ చీర తియ్యి."

తీసి చేతికిచ్చాను. ఎండలో పట్టి చూశాడు. మడత పెట్టడం రాకపోయినా ఎలాగో మడిచి నా ఒళ్ళో పెట్టాడు.

"కన్నే మణీ" అన్నాడు. "నా కన్నే పోనాది."

నాకు ఏడుపొచ్చింది. అమ్మాయి మాత్రం ఆ మర్నాడే విశాఖపట్నం తీసుకెళ్ళి కంటి ఆసుపత్రిలో చూపించింది. రెండు కళ్ళకీ శుక్లాలు, బాగా ముదిరిపోయాయి, వాటివల్లే అంతా పసుపుగా కనిపిస్తోంది అన్నారు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక ఆయన గోడ చూశాడు, దుప్పటి చూశాడు, తలొంచుకుని తన ఒంటి మీది చొక్కా చూసుకున్నాడు.

"ఇది ఎవరి సొక్కాయే?"

"మీదేనండీ. ఆదివారం సొక్కా."

"ఇంత నీలవేటి?"

నేను నవ్వడం మొదలెట్టి ఆపుకోలేకపోయాను. వార్డంతా చూసింది. తర్వాత అదే నవ్వు ఏడుపైపోతే కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన నవ్వలేదు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, ఆ చొక్కానే చూస్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులోనూ చొక్కా అంచు పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. కన్ను బాగుపడినవాడు ఇలా ఉంటాడా అని నాకు లోపల్లోపల గాభరా.

ఇంటికి రాగానే, వద్దంటున్నా వినకుండా స్టూడియో తెరిచాడు. కంప్యూటర్లో తను చేసిన పటాలన్నీ తీశాడు. అన్నీ నీలమే. మంగరాజు దగ్గర ఆగిపోయాడు.

"ఎవులూ సెప్పలేదేటే?"

"నాను సెప్పాను కదండీ."

"నువ్వు కాదు. మిగతావోళ్ళు."

అంతే మరి, పెళ్ళాం చెబితే చెప్పినట్టు కాదు. కానీ ఆ మొహం చూశాక కసురుకోవడానికి నాకు మనసు రాలేదు. "ఆయమ్మ రోజూ దీనికి దణ్ణం పెట్టుకుంటోందే" అన్నాడు. మళ్ళీ ఆ నెగటివ్ తీశాడు. పక్కనే స్టూలు వేసి నన్ను కూర్చోమన్నాడు.

"నాకు ఒక కన్నే ఉంది. నువ్వు సూసి సెప్పు."

ఇన్నేళ్ళ కాపురంలో రంగు గురించి నన్ను అడగడం అదే మొదలు. ఇద్దరం కలిసి మంగరాజుని మెల్లగా రాగిరంగుకి తెచ్చాం.

మర్నాడు ఆటోలో గొలుగొండ వెళ్ళాం. వరలక్ష్మమ్మ వాకిట్లో జీడిగింజలు ఎండబోస్తోంది. "రండి మేస్టారూ, రండమ్మా" అని లేచింది. లోపల గోడ మీద ఆ నీలం మనిషి, మెడలో వాడిపోయిన బంతిపూల దండ. మా ఆయన తలెత్తలేకపోయాడు.

"అమ్మా, తప్పు నాది" అన్నాడు. "నా కళ్ళకి శుక్లాలు. రంగు తెలీక ఆయన్ని అలాగ సేసీసాను. మీరు ఒక్క మాట అనుంటే..."

కొత్త పటం ఇచ్చాడు. ఆవిడ చెయ్యి చీరకి తుడుచుకుని అందుకుంది. చెంప మీద వేలితో రాసింది. గోడ మీది పటం వైపు చూసింది, మళ్ళీ చేతిలోది చూసింది. చటుక్కున కింద కూర్చుంది.

"ఏటని అంటానండీ? ఫొటో తీసింది మీరు, సేసింది మీరు. మీకు తెలీకుండా ఉంటాదా అనుకున్నాను. మా ఆయన రంగు ఇది కాదు కదా అని రోజూ అనిపించీది. అనిపించినప్పుడల్లా బయమేసీది. ఏడ్సి ఏడ్సి నా కళ్ళే పోనాయేమో, ఆయన మొకమే మర్సిపోతున్నానేమో అనుకున్నానండి."

మా ఆయన గోడకి ఆనుకున్నాడు.

వరలక్ష్మమ్మ పటాన్ని గుండెకి ఆనించుకుని కళ్ళు తుడుచుకుంది. అప్పుడు నా వైపు తిరిగి, నిజమా కాదా అని అడుగుతున్నట్టుగా అంది.

"అయితే నాను మర్సిపోలేదన్నమాట కదమ్మా."

"లేదమ్మా" అన్నాను. "మీ కళ్ళు బాగానే ఉన్నాయి."